మాడ్ వేస్తే మొహం మాడకుండా: మాడ్ ఆర్గనైజర్ 2 రివ్యూ

స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ గేమ్‌లో రెండు మాడ్‌లు, అంటే గేమ్‌ని మార్చేందుకు ఆటగాళ్లు తయారుచేసిన ఫైళ్ల మూటలు, ఒకే ఫైల్ మీద చెయ్యి వేస్తే గేమ్ ఆ తగువు తీర్చదు. చివర వచ్చిందే ఉంటుంది, ముందున్నది పోతుంది. డేటా ఫోల్డర్‌లోకి చేత్తో కాపీ చేసే అలవాటున్నవాళ్లకి ఈ వ్యవహారం బాగా తెలుసు. ఫైల్ ఇప్పటికే ఉంది, మార్చమంటావా అని విండోస్ అడుగుతుంది, సరే అంటాం, పాత ఫైల్ గాల్లో కలిసిపోతుంది. పదో మాడ్ దగ్గర ఏ ఫైల్ ఎవరిదో గుర్తుండదు. యాభయ్యో మాడ్ దగ్గర గేమ్ మొత్తం మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే.

మాడ్‌లని వేసి సర్దే ప్రోగ్రాం మాడ్ ఆర్గనైజర్ 2 (ఎంఓ2) ఈ తగువుని మాయం చేయదు. ఎవరు ఎవరిని తొక్కుతున్నారో కళ్లకు కట్టినట్టు చూపించి, తీర్పు మన చేతికిస్తుంది. తీర్పు తప్పైతే మార్చుకోనిస్తుంది. ఉచితం, ఓపెన్ సోర్స్, నెక్సస్ మాడ్స్ అనే మాడ్‌ల సైట్‌లోనూ గిట్‌హబ్‌లోనూ దొరుకుతుంది. స్కైరిమ్, ఫాల్అవుట్ 4, న్యూ వెగాస్, ఆబ్లివియన్ లాంటి బెథెస్డా గేమ్‌లకి దీన్ని మించింది లేదు. మిగతా గేమ్‌లకి కూడా ఎంఓ2 సొంత ప్లగిన్‌ల ద్వారా పనిచేస్తుంది గానీ, దీని అసలు బలం అక్కడ బయటపడదు.

పని చేసే తీరు ఇదీ. ప్రతి మాడ్ తన సొంత ఫోల్డర్‌లో ఉంటుంది, డేటా ఫోల్డర్‌ని ఎవరూ ముట్టుకోరు. గేమ్‌ని ఎంఓ2లోంచి నడిపినప్పుడు మాత్రం యూఎస్‌వీఎఫ్‌ఎస్ అనే వర్చువల్ ఫైల్ సిస్టమ్ మధ్యలో నిలబడి, అన్ని ఫోల్డర్‌లూ కలిసిపోయిన ఒకే డేటా ఫోల్డర్ ఉన్నట్టు గేమ్‌ని నమ్మిస్తుంది. గేమ్ మూసేస్తే ఆ మాయ తొలగిపోతుంది. అందుకే ఎస్‌కేఎస్‌ఈ (కొన్ని మాడ్‌లకి కావలసిన, గేమ్‌ని నడిపే ప్రోగ్రాం), ఎస్‌ఎస్‌ఈఎడిట్ (మాడ్‌ల లోపలి రికార్డులు దిద్దేది), బాడీస్లైడ్ (శరీరాకృతులు తయారుచేసేది), డిన్‌డోలాడ్ (దూరపు దృశ్యాలు తయారుచేసేది) ఏదైనా సరే ఎంఓ2 లోపలినుంచే నడపాలి. ఎస్‌కేఎస్‌ఈని బయట డెస్క్‌టాప్ ఐకాన్‌తో తెరిచి, మాడ్‌లేవీ రావడం లేదంటూ తల పట్టుకునేవాళ్లకి తక్కువేం లేదు.

స్క్రీన్ రెండు భాగాలు. ఎడమ పక్క మాడ్‌ల జాబితా, అక్కడుండేది ప్రయారిటీ. కుడి పక్క ప్లగిన్‌ల (గేమ్ రికార్డులని మార్చే మాడ్ ఫైళ్ల) జాబితా, అక్కడుండేది లోడ్ ఆర్డర్, అంటే గేమ్ వాటిని చదివే వరస. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే సగం గందరగోళం పుడుతుంది. ఎడమ పక్క తీర్పు ఫైళ్ల గురించి: టెక్స్చర్‌లు (పైపూత బొమ్మలు), మెష్‌లు (ఆకారాలు), స్క్రిప్ట్‌లు, శబ్దాలు. కుడి పక్క తీర్పు ప్లగిన్ లోపలి రికార్డుల గురించి: ఒక పాత్ర లెవెల్ ఎంత, కత్తి దెబ్బ ఎంత, ఊళ్లో బల్ల ఎక్కడుంది. ఎడమ జాబితాలో మాడ్‌ని జరిపితే కుడి జాబితాలో వరస మారదు.

ఎడమ పక్క సూత్రం ఒక్కటే. ప్రయారిటీ అంకె పెద్దదైతే గెలుపు దానిదే, అంటే జాబితాలో కిందున్నది పైవాటిని తొక్కుతుంది. ప్రయారిటీ అంటే పైన ఉండాలనే మామూలు ఊహకి ఇది తలకిందులు. ఇంకో తమాషా ఏమిటంటే, ప్రొఫైల్ (ఒక మాడ్‌ల అమరిక) ఫోల్డర్‌లో ఉండే మాడ్‌లిస్ట్ టెక్స్ట్ ఫైల్ తెరిస్తే వరస తిరగేసి ఉంటుంది. అందులో పైన ఉన్నదే గెలిచేది. ఆ ఫైల్‌ని చేత్తో దిద్దేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

కాన్‌ఫ్లిక్ట్స్ అనే నిలువు వరసలో మెరుపు గుర్తు కనిపిస్తే తగువుందని లెక్క. పచ్చ ప్లస్ ఉంటే ఈ మాడ్ ఎవరినో తొక్కుతోంది, ఎర్ర మైనస్ ఉంటే దీన్ని ఎవరో తొక్కుతున్నారు, రెండూ ఉంటే మధ్యలో నలుగుతోంది. మెరుపు బూడిద రంగులో ఉంటే ఆ మాడ్ ఫైళ్లన్నిటినీ వేరేవాళ్లు కప్పేశారు, అది ఉన్నా లేనట్టే. మాడ్ మీద ఒకసారి క్లిక్ చేస్తే దాని చేతిలో ఓడినవి ఆకుపచ్చగా, దాన్ని ఓడించినవి ఎర్రగా మెరుస్తాయి. డబుల్ క్లిక్ చేసి కాన్‌ఫ్లిక్ట్స్ ట్యాబ్‌లోకి వెళితే ఏ ఫైల్ ఎవరి దగ్గర గెలిచిందో, ఎవరి చేతిలో పోయిందో పేరుపేరునా ఉంటుంది. ఈ ఒక్క ట్యాబ్ కోసమైనా ఈ ప్రోగ్రాం వాడొచ్చు.

మెరుపు గుర్తు కనబడగానే కంగారు పడక్కర్లేదు. మాడ్‌లు ఒకదాన్నొకటి తొక్కడం చాలాసార్లు మనం కోరుకునేదే. మొత్తం ప్రపంచానికి టెక్స్చర్‌లు వేసే పెద్ద ప్యాక్ పైన, ఒక్క ఊరికి వేసేది దాని కింద, ఒక్క తలుపుకో పీపాకో వేసేది ఇంకా కింద. విస్తారమైనది పైకి, ప్రత్యేకమైనది కిందికి. రెండు మాడ్‌లకి సర్దుబాటుగా వచ్చే ప్యాచ్ ఆ రెండిటికీ కింద ఉండాలి. ఈ మూడు మాటలతో మూడొంతుల తగువులు తీరిపోతాయి.

మిగిలినవే చిక్కువి. ఉదాహరణకి ఎక్స్‌పీఎంఎస్‌ఎస్‌ఈ అనే మాడ్ ఇచ్చే అస్థిపంజరం (స్కెలిటన్) వేసుకున్నారు, జుట్టూ బట్టలూ కదలాలంటే అదే గెలవాలి. తర్వాత వేసిన ఏదో కవచం మాడ్ తనతోపాటు సొంత స్కెలిటన్ ఫైల్ ఒకటి తెచ్చింది. కింద ఉంది కాబట్టి అదే గెలిచింది, జుట్టు కర్రలా బిగుసుకుపోయింది. కవచం మాడ్‌ని పైకి జరిపితే దాని మెష్‌లు ఇంకెక్కడో ఓడిపోతాయి. ఇక్కడ ప్రయారిటీ జోలికే పోవద్దు. కవచం మాడ్ కాన్‌ఫ్లిక్ట్స్ ట్యాబ్ తెరిచి, ఆ ఒక్క స్కెలిటన్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి హైడ్ నొక్కండి. ఫైల్ పేరు చివర .ఎంఓహిడెన్ అని చేరుతుంది, గేమ్‌కి అది కనిపించదు. ఎప్పుడైనా అన్‌హైడ్ చేసుకోవచ్చు. ఫైల్‌ని చంపకుండా పక్కన కూర్చోబెట్టే ఈ సౌకర్యం చాలామందికి తెలియకుండానే ఉండిపోతోంది.

చాలా ఫైళ్లని ఒకే మూటగా కట్టిన బీఎస్‌ఏ ఆర్కైవ్‌ల దగ్గర ఎడమ పక్క అధికారం చెల్లదు. స్కైరిమ్‌లో విడిగా ఉన్న ఫైల్ ఎప్పుడూ బీఎస్‌ఏలో ఉన్నదాన్ని ఓడిస్తుంది. బీఎస్‌ఏ ఉన్న మాడ్‌ని జాబితా అట్టడుగుకి తోసినా లాభం లేదు. రెండు బీఎస్‌ఏల మధ్య తగువైతే వాటి ప్లగిన్‌ల లోడ్ ఆర్డరే తేలుస్తుంది. బీఎస్‌ఏ గెలవాలంటే రెండు దారులు: దాన్ని విప్పి విడి ఫైళ్లుగా మార్చడం, లేదా ఎదుటి మాడ్‌లో అడ్డొస్తున్న ఫైళ్లని హైడ్ చేయడం. ఆర్కైవ్‌ల తగువులు కూడా కనిపించాలంటే సెట్టింగ్స్‌లో ఆర్కైవ్ పార్సింగ్ ఆన్ చేయాలి. పెద్ద జాబితాల్లో దీనివల్ల కాస్త నెమ్మదిస్తుంది.

ఇక కుడి పక్క. గేమ్‌లోకెళితే మన వెంట నడిచే లిడియా అనే పాత్ర మొహం మసిపూసినట్టు నల్లగా ఉంటుంది. మొహాలు మార్చే మాడ్‌లు వేసుకున్న దాదాపు ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే దృశ్యమిది. మాడ్ పాడైందనుకుని మళ్లీ డౌన్‌లోడ్ చేస్తే పోదు. ఎడమ పక్కా కుడి పక్కా చెరో మాట మాట్లాడుతున్నాయి, అంతే. పాత్ర ముక్కూ కళ్లూ జుట్టూ ఏవో ప్లగిన్ రికార్డులో రాసి ఉంటాయి. అదే మొహం ముందే తయారుచేసిన మెష్‌గా ఫేస్‌జియోమ్ ఫోల్డర్‌లో, రంగు ఫేస్‌టింట్ ఫోల్డర్‌లో ఉంటాయి. లిడియా ఫైల్ పేరు 000ఏ2సీ8ఈ. ఒక మాడ్ ప్లగిన్ కుడి పక్క గెలిచి, ఇంకో మాడ్ మెష్ ఎడమ పక్క గెలిస్తే రెండిటికీ పొంతన కుదరదు, గేమ్ ఆ రంగు వేయడం మానేస్తుంది.

తీర్చే పద్ధతి ఇదీ. ఎంఓ2లోంచి ఎస్‌ఎస్‌ఈఎడిట్ తెరిచి, అన్ని ప్లగిన్‌లనీ ఎంచి, కింద బ్యాక్‌గ్రౌండ్ లోడర్ ముగిసిందనే మాట వచ్చేదాకా ఆగండి. ఫామ్ఐడీ గడిలో 000ఏ2సీ8ఈ కొట్టి ఎంటర్ నొక్కితే లిడియా రికార్డు వస్తుంది. నిలువు వరసలు లోడ్ ఆర్డర్ ప్రకారం ఉంటాయి, అన్నిటికన్నా కుడిచివర ఉన్నదే గేమ్‌లో గెలిచేది. అది మీకు కావలసిన మొహం మాడేనా? అయితే ఎడమ పక్క కూడా అదే మాడ్ ఫేస్‌జెన్ ఫైళ్లు (ఆ మొహం మెష్, రంగు) గెలుస్తున్నాయో లేదో కాన్‌ఫ్లిక్ట్స్ ట్యాబ్‌లో చూడండి, లేకపోతే దాన్ని కిందికి జరపండి. కుడిచివర వేరే ప్లగిన్ ఉండి, అది లిడియా కవచాన్నో లెవెల్‌నో మాత్రమే మార్చాలని వచ్చిందైతే ఆ రెండూ కలవాలి. చివరి వరస మీద రైట్ క్లిక్, కాపీ యాజ్ ఓవర్‌రైడ్, ఈఎస్‌ఎల్ (తేలిక రకం ప్లగిన్) అని రాసి ఉన్న కొత్త ఫైల్ ఎంచుకోండి. అందులోకి మొహం మాడ్ వరసలోంచి హెడ్ పార్ట్స్, టింట్ లేయర్స్, ఫేస్ మార్ఫ్, వెయిట్ లాగి వేయండి. వెయిట్ మర్చిపోతే మొహం తెల్లగానే ఉంటుంది గానీ మెడ దగ్గర గీత పడుతుంది.

రికార్డుల్లో సగంసగం సర్దుకోవడాలు లేవు, చివరి ప్లగిన్ మొత్తం రికార్డుని తన మాటతో మార్చేస్తుంది. రెండు ఆయుధాల మాడ్‌లు ఒకే లెవెల్డ్ లిస్ట్‌లో (ఎవరి దగ్గర ఏం దొరకాలో చెప్పే జాబితాలో) తమ కత్తులు చేరిస్తే, చివరి మాడ్ కత్తులే దొంగల దగ్గర దొరుకుతాయి. రై బ్యాష్ అనే ప్రోగ్రాంతో బ్యాష్డ్ ప్యాచ్ చేసుకుంటే ఈ జాబితాలు కలుస్తాయి. లోడ్ ఆర్డర్‌కి ఎంఓ2లోనే సార్ట్ బటన్ ఉంది, అది వెనకనుంచి లూట్ అనే వరస సర్దే ప్రోగ్రాంని వాడుతుంది. మంచి ప్రారంభమే, ప్లగిన్‌లు ఏ మాస్టర్ (అవి ఆధారపడే ప్లగిన్) తర్వాత రావాలో తప్పకుండా చూస్తుంది. కానీ మీకు ఏ లిడియా నచ్చిందో దానికి తెలియదు, ఎడమ పక్క ప్రయారిటీని అసలే ముట్టుకోదు. సార్ట్ కొట్టేశాం కాబట్టి అంతా సర్దుకుందనుకోవడం అమాయకత్వం.

ప్లగిన్‌ల పరిమితి కూడా ఒకసారి చూసుకోండి. మామూలు ప్లగిన్‌లు 254 దాటకూడదు, ఈఎస్‌ఎల్ గుర్తున్న తేలికవి 4096 దాకా పడతాయి. ప్యాచ్‌లన్నీ ఈఎస్‌ఎల్‌గా చేసుకోమనేది అందుకే.

ఇబ్బంది పెట్టే సంగతులూ ఉన్నాయి. ఎడమ జాబితా పేరు ప్రకారమో తేదీ ప్రకారమో అమరి ఉంటే మాడ్‌లని లాగడం కుదరదు, ప్రయారిటీ శీర్షిక మీద క్లిక్ చేశాకే కుదురుతుంది. లాగింది తప్పైతే వెనక్కి తెచ్చే అన్‌డూ లేదు. జాబితా పైన బ్యాకప్ బటన్ ఉంది, పెద్ద మార్పుకి ముందు నొక్కే అలవాటు చేసుకోండి. మాడ్ కొత్త వెర్షన్ వేసేటప్పుడు మెర్జ్, రీప్లేస్ అని అడుగుతుంది. మెర్జ్ అంటే పాత వెర్షన్‌లో ఉండి కొత్తదాంట్లో తీసేసిన ఫైళ్లు అలాగే ఉండిపోతాయి, ఎక్కడిదో తెలియని తగువుకి అవే మూలం. అదే మాడ్‌కి అదనపు ఫైల్ అయితే తప్ప రీప్లేస్ ఎంచుకోండి.

అడుగున ఓవర్‌రైట్ అనే ఫోల్డర్ కూర్చుని ఉంటుంది. ఎస్‌ఎస్‌ఈఎడిట్ ప్యాచ్, నెమెసిస్ యానిమేషన్‌లు, బాడీస్లైడ్ శరీరాలు ఇలా ప్రోగ్రాంలు పుట్టించే ఫైళ్లన్నీ అందులో పడతాయి. దాని ప్రయారిటీ అందరికన్నా ఎక్కువ, ఎవరూ దాన్ని ఓడించలేరు. ఆరు నెలల చెత్త అందులో పేరుకుంటే, ఏ మాడ్‌ని ఎక్కడికి జరిపినా ఫలితం మారకపోవడం మొదలవుతుంది. పని అయిన వెంటనే రైట్ క్లిక్, క్రియేట్ మాడ్ అని పేరు పెట్టి ఖాళీ చేయండి. ఇంకా మేలైన దారి, ఎగ్జిక్యూటబుల్స్ కిటికీలో ఒక్కో ప్రోగ్రాంకీ ఫైళ్లు ఫలానా మాడ్‌లోనే పడాలని ముందే చెప్పడం.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రోగ్రాం ఫైల్స్‌లోనూ గేమ్ ఫోల్డర్‌లోనూ పెట్టొద్దు. డ్రైవ్ మొదట్లో చిన్న పేరుతో ఫోల్డర్ చేసి అందులో వేయండి, పేరు పొడుగైతే లోతైన ఫైళ్లు 260 అక్షరాల హద్దు దాటతాయి. యాంటీవైరస్ ఈ వర్చువల్ ఫైల్ సిస్టమ్‌ని అనుమానించి ఆపేస్తే ఆ ఫోల్డర్‌కి మినహాయింపు ఇవ్వాలి. గేమ్ ఒక డ్రైవ్‌లో, మాడ్‌లు ఇంకో డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. చిన్న ఎస్‌ఎస్‌డీతో నెట్టుకొచ్చేవాళ్లకి ఇది వరం.

నెక్సస్ వాళ్ల సొంత ప్రోగ్రాం వోర్టెక్స్ మామూలుగా హార్డ్‌లింక్‌లు (ఒకే ఫైల్‌కి రెండో చోట ఇంకో పేరు) వాడుతుంది కాబట్టి మాడ్‌లూ గేమూ ఒకే డ్రైవ్‌లో ఉండాలి. అక్కడ ప్రయారిటీ అంకెలు లేవు, ఇది దాని తర్వాత రావాలి అంటూ జంటలుగా నియమాలు పెట్టాలి. పాతిక మాడ్‌ల దాకా అదే సులువు, ఎంఓ2 అంత బరువు అక్కర్లేదు. వందలు దాటాక ఆ నియమాలు ఒకదాన్నొకటి చుట్టుకుని వలయం పడితే విప్పడం చిరాకు. అక్కడ ఒకే జాబితా, ఒకే వరస ఉన్న ఎంఓ2 హాయిగా అనిపిస్తుంది. సెపరేటర్‌లతో వాతావరణం, ఊళ్లు, పాత్రలు అని గదులు కట్టుకుంటే ఆరొందల మాడ్‌లున్నా వెతుక్కోనక్కర్లేదు. ప్రొఫైల్‌లు కూడా దీంట్లో బాగుంటాయి: ఒక్కోదానికి వేరే వరస, వేరే ఐఎన్ఐ (గేమ్ సెట్టింగ్స్ ఫైల్), వేరే సేవ్‌లు.

ఒక్క చోట మాత్రం ఎంఓ2 చేతులెత్తేస్తుంది. టెక్స్చర్, మెష్‌ల ప్రయారిటీని ఆట మధ్యలో ఎన్నిసార్లు మార్చినా సేవ్‌కి ఏమీ కాదు. స్క్రిప్ట్‌లున్న ప్లగిన్‌ని మధ్యలో పీకేస్తే వాటి జాడలు సేవ్‌లోనే మిగిలిపోతాయి, టిక్ తీసేసినంత మాత్రాన అవి పోవు. అలాంటివి ప్రయత్నించాలనుకుంటే కొత్త ప్రొఫైల్ తెరిచి, దానికే విడి సేవ్‌లు పెట్టుకుని అక్కడ ఆడి చూడండి.