పొగలొచ్చే కాక్‌టెయిల్‌తో జాగ్రత్త: దెబ్బ తగిలితే బిల్లు మాఫీకి మాత్రం ఒప్పుకోకండి

గ్లాసులోంచి తెల్లటి పొగ పొంగుతుండగా టేబుల్ మీద పెట్టే డ్రింక్ ఆర్డర్ చేసేముందు వెయిటర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: ఇది డ్రై ఐసా, లిక్విడ్ నైట్రోజనా? తెలియదంటే ఆ డ్రింక్ వద్దనండి. రెండింటి ప్రమాదం ఒకటి కాదు.

డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78 డిగ్రీలు. నీటికంటే బరువు కాబట్టి గ్లాసు అడుగునే ఉంటుంది. గ్లాసెత్తి గటగటా ఖాళీ చేస్తేనో, మిగిలిన ముక్కను ఐసే కదా అని నమిలితేనో ముప్పు. లిక్విడ్ నైట్రోజన్ అంటే ద్రవంగా మార్చిన నైట్రోజన్ వాయువు, మైనస్ 196. అది నీటికంటే తేలిక, పైన తేలుతుంది, అంటే మొదటి గుక్కలోనే లోపలికి పోతుంది. ఆవిరైతే దాదాపు 700 రెట్లు పెరుగుతుంది. ఒక టీస్పూను, 5 మి.లీ., మింగితే కడుపులో మూడున్నర లీటర్ల గ్యాస్ పుడుతుంది. బాగా తిన్నప్పుడు కూడా పొట్టలో పట్టేది లీటరు, లీటరున్నర. మిగతాది బయటికి దారి దొరక్క పొట్టకు చిల్లు పెడుతుంది. చల్లదనానికి లోపలి పొర కాలడం దీనికి అదనం.

2012 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. పద్దెనిమిదో పుట్టినరోజుకి వైన్ బార్‌కి వెళ్లిన అమ్మాయికి పొట్ట మొత్తం తీసేసి, అన్నవాహికను నేరుగా చిన్నపేగుకి కలపాల్సి వచ్చింది. బార్ కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుంది. 2015లో లక్ష పౌండ్ల జరిమానా పడింది. అసలు తప్పు, నైట్రోజన్ పూర్తిగా ఆవిరి కాకముందే గ్లాసు చేతికివ్వడం. మన దేశంలోనూ 2024 మార్చిలో గురుగ్రామ్ రెస్టారెంట్ ఒకదాంట్లో మౌత్ ఫ్రెషనర్ అని డ్రై ఐస్ ఇచ్చారు, నోట్లో వేసుకున్నవాళ్లు రక్తం కక్కుకున్నారు. పొగ ఆగి, బుడగలు, సుర్రుమనే చప్పుడు నిలిచేదాకా పెదవి ఆనించకండి. ఫోటో కోసం తొందరపెట్టే స్నేహితులు ఎలాగూ ఉంటారు.

తాగిన నిమిషాల్లో కడుపు ఉబ్బి, భరించలేని నొప్పి, ఊపిరాడకపోవడం మొదలైతే అది గ్యాస్ట్రిక్ కాదు. వాంతి చేయించొద్దు, పైనుంచి ఏమీ తాగించొద్దు. 108కి ఫోన్ చేయండి. క్యాజువాలిటీలో ‘లిక్విడ్ నైట్రోజన్ తాగారు’ అని స్పష్టంగా చెప్పి, కేసు షీట్‌లో ఆ మాటే రాయించండి, ఎంఎల్‌సీ (పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు) చేయించండి. ‘మద్యం తాగి కడుపునొప్పి’ అని రాసుంటే ఆర్నెల్ల తర్వాత బార్ లాయర్‌కి అదొక్కటి చాలు.

ఇక అసలు మోసం జరిగేది ఆసుపత్రికి బయల్దేరే హడావుడిలో. మేనేజర్ వచ్చి ‘సార్, బిల్లు వదిలేయండి, మేం చూసుకుంటాం’ అంటాడు. మర్యాదగా కనిపిస్తుంది గానీ, ఉచితంగా అందిన సేవకు వినియోగదారుల చట్టం వర్తించదు. డబ్బే కట్టలేదు, మీరు వినియోగదారుడే కాదని వాదించే సందు వాళ్లకి అక్కడే దొరుకుతుంది. కాబట్టి కట్టండి, యూపీఐలోనే కట్టండి. మద్యం జీఎస్టీలోకి రాదు కనుక చాలాచోట్ల ఫుడ్‌కి ఒక బిల్లు, లిక్కర్‌కి ఒక బిల్లు ఇస్తారు. రెండూ కావాలి. బోర్డు మీద పేరు ఒకటి, బిల్లు మీద కంపెనీ పేరు ఇంకొకటి ఉంటుంది. నోటీసు వెళ్లాల్సింది బిల్లు మీది పేరుకి. ‘ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు’ అనే కాగితం మీద సంతకం పెట్టకండి.

నైట్రోజన్ ఆవిరైపోతుంది, ల్యాబ్‌కి పంపడానికి శాంపిల్ మిగలదు. అందుకే టేబుల్ దగ్గర తీసిన వీడియో, మెనూలో ఆ డ్రింక్ ఉన్న పేజీ ఫోటో, పక్కనున్నవాళ్ల ఫోన్ నంబర్లే సాక్ష్యం. సీసీటీవీ రికార్డర్లు చాలావరకు రెండు మూడు వారాలకో నెలకో పాతదాని మీద కొత్తది రాసేస్తాయి. ఆ రాత్రి ఫుటేజీ భద్రపరచమని మొదటి వారంలోనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. తర్వాత ‘చెరిగిపోయింది’ అంటే ఆ మాట వాళ్లకే ఎదురు తిరుగుతుంది.

‘కస్టమర్ సొంత బాధ్యత’ అని మెనూ కింద చిన్నక్షరాల్లో ఉందా? భయపడొద్దు. వాలె పార్కింగ్‌కి, అంటే పార్క్ చేయమని హోటల్ సిబ్బందికిచ్చిన కారు పోయిన కేసులో, స్లిప్పు మీద ‘ఓనర్ రిస్క్’ అని ఉన్నంత మాత్రాన హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ‘తాగి ఉన్నాడు’ అనే వాదనా వస్తుంది. తాగించడమే వాళ్ల వ్యాపారం కదా, తాగినవాడు గ్లాసు చూసుకోడని వాళ్లే ఊహించాలి.

2019 వినియోగదారుల చట్టంలో ‘సేవాలోపం’ నిర్వచనంలోనే నిర్లక్ష్యం ఉంది. కేసు ఏ వినియోగదారుల కమిషన్‌లో వేయాలన్నది మీరడిగే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన బిల్లును బట్టి తేలుతుంది. అంటే దాదాపు ప్రతి కేసూ జిల్లా కమిషన్‌కే, ఫీజు లేకుండానే. గోవాలోనో బెంగళూరులోనో దెబ్బ తగిలినా మీరుండే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వేయొచ్చు. గడువు రెండేళ్లు. సెటిల్ చేద్దామని మేనేజర్ నెలల తరబడి సాగదీసినా ఆ లెక్క ఆగదు.