బిలస్వర్గం గవుల్లో ఒక పూట, ఎగ్మోర్ మ్యూజియంలో ఒక పూట

కర్నూలులో పుట్టి పెరిగినా బిలస్వర్గం గవులు (గుహలు) చూడ్డానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. వాటి దగ్గరి ఊరు బేతంచెర్ల అంటే బండల ఊరనే అనుకున్నాను.

గుంతకల్లు–నంద్యాల లైన్లో బేతంచెర్ల స్టేషన్ ఉంది. అక్కణ్నుంచి ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ, ఆగినంతసేపు కలిపి ముందే బేరం చేసుకోండి. గవుల దగ్గర మాకు ఇంకో బండి కనపడలేదు. నీళ్లు, టార్చి మర్చిపోవద్దు.

పైకప్పు కూలిపోయి లోతైన సందుల్లా మిగిలిన చోటది. రెండు పక్కలా సున్నపురాయి గోడలు, ఆ గోడల్లో గవులు. 1844లో న్యూబోల్డ్ అనే ఇంగ్లీషు సైనికాధికారి ఈ చోటు గురించి రాశాడు. దాన్ని పట్టుకుని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వెతుక్కుంటూ వచ్చాడు. 1884–85లో ఆయన కొడుకు హెన్రీ ఇక్కడ తవ్వించాడు. ఒక గవికి చార్నెల్ హౌస్ అని, అంటే ఎముకల కొట్టు అని పేరు. ఆ ఎముకల్ని శిలాజాల నిపుణుడు లిడెకర్ పరిశీలించి 1886లో అచ్చువేశాడు. అందులో ఒక ఖడ్గమృగం ఉంది. దానికి మన ఊరి పేరే పెట్టాడు: రైనోసెరస్ కర్నూలియెన్సిస్. అక్కడ నిలబడి ఆ పేరు తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

గొర్రెలు మేపుకునే ఒక పెద్దాయన ఒక ముల్లు ఏరి చూపించాడు. "ముళ్లపందిది సార్, గవుల్లోనే ఉంటాయి." జానెడు పొడవు, నలుపూ తెలుపూ పట్టీలు. ఈ ముళ్లపందులు పాత ఎముకల్ని కొరుకుతాయి. వాటి పంటి గాట్లు వెడల్పుగా, పక్కపక్కనే వరసగా పడతాయి. మనిషి రాతి పలుకుతో మాంసం కోసినప్పుడు పడ్డ గాటు సన్నగా ఉంటుంది. ఈ తేడా పట్టుకోకపోతే జంతువు చేసిన పనిని మనిషికి అంటగడతాం. మ్యూజియాల్లో దాచిన ఎముకల్ని వందేళ్ల తర్వాత కూడా మళ్లీ మైక్రోస్కోపు కింద పెట్టేది ఇలాంటి వాటికోసమే. ముల్లు ఉంచుకోమన్నాడు గానీ అక్కడే వదిలేశాను. మీరూ ఏదీ తీసుకురాకండి. ఏ మట్టి పొరలో ఉందో తెలియని ఎముక వయసు చెప్పడం చాలా కష్టం.

ఆ పొరల విలువ 2014లో వచ్చిన ఒక పరిశోధనలో కనిపిస్తుంది. ఇక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 రకాలు కనీసం లక్షేళ్ల నుంచి ఈ ఉపఖండంలో బతుకుతూనే ఉన్నాయట. ఈ జిల్లాలోనే ముచ్చట్ల చింతమాను గవిలో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి 1970ల్లో తవ్వితే రాతి పలుకులు, ఎముక పనిముట్లు, పొయ్యి బయటపడ్డాయి. అంటే మనుషులు ఆ జంతువుల మధ్యే వండుకు తిన్నారు.

బస సంగతి: మొదటి రాత్రి దిగిన లాడ్జిలో వేడినీళ్లు లేవు, పనిచేయని ఏసీకి కూడా డబ్బు తీసుకున్నారు. రెండో రాత్రి నంద్యాలలో హాయిగా గడిచింది. పిల్లలుంటే బెలుం గుహలు కూడా కలుపుకోండి. లోపల లైట్లున్నాయి, నడక సుఖం. నాకు మాత్రం మనసంతా బిలస్వర్గం దగ్గరే ఉండిపోయింది.

నెల తర్వాత చెన్నై వెళ్లి ఎగ్మోర్ మ్యూజియం చూశాను. ఫుట్ జీవితమంతా ఏరిన రాతి పనిముట్లు, కుండపెంకులు 1904లో ఆ మ్యూజియమే కొన్నది. వాటిలో మన అనంతపురం, కర్నూలు జిల్లాలవీ ఉన్నాయి. ముందు గవులు చూసి, తర్వాత అక్కడికి వెళ్లండి. రెండు గంటలైనా పెట్టుకోండి. శుక్రవారం సెలవు.