డీఎన్‌ఏ వంశావళి కిట్: కొంటే బంధువుల జాబితా కోసమే కొనండి

ఉమ్మి ట్యూబులో ఎలా పట్టాలి, ఫలితం ఎన్ని వారాలకు వస్తుంది, ఏ ఆఫర్‌లో ఎంత తగ్గుతుంది లాంటివన్నీ ఇప్పటికే బోలెడంత మంది రాశారు. నేను వాటి జోలికి పోను. ఉమ్మి పంపితే డీఎన్‌ఏ చూసి మన మూలాలెక్కడో, చుట్టాలెవరో చెప్పే ఈ సేవని కొన్నేళ్ళుగా వాడుతున్నాను, అదీ నా కోసం కంటే మా అత్తగారి కోసం ఎక్కువ. ఇందులో నాకు ప్రాణం ఒక్కటే: డీఎన్‌ఏ కలిసిన బంధువుల జాబితా. మిగతా సైటంతా తీసేసి అదొక్కటే ఉంచినా నేను డబ్బు కడతాను.

మేం ఉండేది కెనడాలో, ఆంటారియో రాష్ట్రంలో. మా ఆయన ఇక్కడి మనిషే, ఆయన వాళ్ళంతా తరాలుగా ఇక్కడే ఉన్నారు. అత్తగారికి డెబ్భై దాటాయి. "మేం స్కాట్లాండ్ వాళ్ళం" అన్నది ఆవిడ ఊరికే అనే మాట కాదు. జనవరి 25న బర్న్స్ నైట్ విందు, అంటే స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ పేరున చేసుకునే విందు, ఇంట్లో జరిగి తీరాలి. ఆగస్టులో ఫెర్గస్ ఊళ్ళో హైలాండ్ ఆటలు జరిగితే గళ్ళ శాలువా వేసుకుని వెళ్ళాలి. ఓట్స్ పిండితో ఆవిడ చేసే రొట్టెలు వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవి. ఆ అమ్మమ్మ స్కాట్లాండ్‌లో ఓడెక్కి చిన్నప్పుడే వచ్చేసిందని ఇంట్లో అందరూ చెప్పుకునేవారు.

మొదటి ఫలితంలో స్కాట్లాండ్ 46 శాతం వచ్చింది. అత్తగారు ఆ మ్యాప్ ప్రింటు తీయించి ఫ్రిజ్ మీద అంటించారు. అప్పట్లో నేను కనబడినవాళ్ళకల్లా ఆ మ్యాప్ గురించే చెప్పి కిట్ కొనమనేదాన్ని. చూడ్డానికి ఆ మ్యాప్ ఇప్పటికీ బాగానే ఉంటుంది.

ఆ తర్వాత ఒక రోజు కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది, మీ ఫలితాలు ఇప్పుడు ఇంకా కచ్చితంగా ఉన్నాయని. తెరిచి చూస్తే స్కాట్లాండ్ 19కి దిగింది. ఇంగ్లండ్, వాయవ్య యూరప్ కలిపి 58 శాతం. అత్తగారు వెంటనే ఫోన్ చేశారు. "నా రక్తం మారిందా, వీళ్ళ లెక్క మారిందా, ఏది?" అని అడిగారు. ఆవిడ గొంతులో అంత దిగులు నేను అంతకుముందు వినలేదు.

మారింది లెక్కే. కంపెనీ మన డీఎన్‌ఏని తన దగ్గరున్న నమూనాల గుంపులతో పోల్చి చూస్తుంది. ఫలానా చోట తరాలుగా ఉంటున్న కుటుంబాల వాళ్ళ నమూనాలవి. కొత్త నమూనాలు చేరినప్పుడు, లెక్కించే పద్ధతి మార్చినప్పుడు శాతాలు అటూ ఇటూ జరుగుతాయి. బ్రిటన్ లోపల ఈ తేడాలు పట్టుకోవడం మరీ కష్టం. 2015లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం కోసం, తాతలిద్దరూ, నాయనమ్మ, అమ్మమ్మ నలుగురూ దగ్గర దగ్గర ఊళ్ళలో పుట్టిన పల్లెటూరి వాళ్ళనే ఏరి, 2,039 మంది నమూనాలు తీసుకున్నారు. అంత జాగ్రత్తగా ఏరితే 17 గుంపులు తేలాయి. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌కీ, పక్కనే ఉన్న డెవన్‌కీ మధ్య కూడా తేడా కనబడింది. కానీ అందరూ చెప్పుకునే ఒకే 'కెల్టిక్' జాతి అన్నది అందులో కనబడలేదు. స్కాట్లాండ్, వేల్స్, కార్న్‌వాల్ వాళ్ళు దేనికది వేరుగా తేలారు. అట్లాంటిక్ దాటొచ్చి, నాలుగైదు తరాలు ఇక్కడ కలగలిసిపోయిన కుటుంబానికి 46 అనీ 19 అనీ ఒకే అంకె చెప్పడంలో ఎంత ఊహ ఉంటుందో దీన్ని బట్టే అర్థమవుతుంది. ప్రతి అంకె పక్కనా ఇంత నుంచి ఇంత దాకా ఉండొచ్చని సైటులోనే ఇస్తారు, కాకపోతే దాని మీద నొక్కితే తప్ప కనబడదు. నా కోపం దాని మీదే. డెబ్భై ఏళ్ళ మనిషికి ముందు ఆ పరిధి చూపించి, తర్వాత అంకె చూపించాలి.

ఆవిణ్ణి ఊరడిద్దామనే ఆ రాత్రి బంధువుల జాబితా తెరిచాను. పైనున్న పేర్లు తెలిసినవే: మేనకోడళ్ళు, పెద్దమ్మ పిల్లలు. కొంచెం కిందకి వస్తే ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో ఉండే ఒకావిడ పేరుంది. అత్తగారితో ఆమెకి కలిసిన డీఎన్‌ఏ 200 సెంటీమోర్గన్ల పైచిలుకు (డీఎన్‌ఏ ఎంత కలిసిందో చెప్పే కొలత అది). అక్కచెల్లెళ్ళ మనవరాళ్ళ మధ్య సగటున 230 దాకా కలుస్తుంది. అంటే ఇద్దరి అమ్మమ్మలూ తోబుట్టువులై ఉండొచ్చు. ఇద్దరితోనూ డీఎన్‌ఏ కలిసిన మిగతావాళ్ళని చూస్తే అన్నీ అత్తగారి అమ్మమ్మ వైపే చూపిస్తున్నాయి. స్కాట్లాండ్ అమ్మమ్మకి ఎసెక్స్‌లో చెల్లెలా?

మెసేజ్ పెట్టాను. మర్నాడే జవాబొచ్చింది. వాళ్ళ అమ్మమ్మకి ఒక అక్క ఉండేదట. లండన్‌లో బెత్నల్ గ్రీన్‌లో పుట్టారు. తండ్రి లేడు. తల్లి ఇంట్లో కూర్చుని అగ్గిపెట్టెలు అతికించి బతికేది, గడవక పెద్దదాన్ని ఒక ఆశ్రమంలో చేర్చింది. వాళ్ళు కెనడా పంపేశారు. కొన్నాళ్ళు ఉత్తరాలు వచ్చి ఆగిపోయాయి. చెల్లెలు తన మొదటి కూతురికి ఆ అక్క పేరే పెట్టుకుంది. అచ్చంగా మా అత్తగారి అమ్మమ్మ పేరు అది.

బ్రిటన్ నుంచి ఇలా పిల్లల్ని కెనడా పంపడం 1869లో మరియా రై, 1870లో ఆనీ మాక్‌ఫెర్సన్ అనే ఇద్దరు మహిళలు మొదలుపెట్టారు. 1930ల దాకా లక్ష మందికి పైగా పిల్లలు కెనడా వచ్చారు. వీళ్ళని 'హోమ్ చిల్డ్రన్' అంటారు. మగపిల్లలు పొలం పనికీ ఆడపిల్లలు ఇంటి పనికీ వెళ్ళేవారు. చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని తల్లిదండ్రులు లేకుండా రానివ్వకూడదని కెనడా 1925లో గానీ నిబంధన పెట్టలేదు. ఇక్కడి జనం వీళ్ళని మురికివాడల నుంచి వచ్చినవాళ్ళని చులకనగా చూశారు. అందుకే చాలామంది పెద్దయ్యాక నోరు విప్పలేదు, భార్యాభర్తలకీ పిల్లలకీ కూడా చెప్పలేదు. అప్పటి బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ క్షమాపణ చెప్పింది 2010లో.

తర్వాత కాగితాలు వెతకడం తేలికైంది. ఓడ జాబితాలో 1906లో, పిల్లల గుంపులో, పదేళ్ళ పిల్లగా ఆవిడ పేరుంది. 1911 కెనడా జనాభా లెక్కల పేజీ స్కాన్ చూసినప్పుడు మాత్రం నాకు కళ్ళు చెమర్చాయి. యజమాని, భార్య, నలుగురు కొడుకులు, అట్టడుగు వరసలో ఈ పిల్ల. సంబంధం గడిలో 'పనిమనిషి'. ఏ జాతి మూలం అనే గడిలో 'ఇంగ్లిష్'. ఆ ఇంటివాళ్ళందరికీ అదే గడిలో 'స్కాచ్', అంటే స్కాటిష్. 1921కి ఆవిడకి పెళ్ళయింది, పక్క పొలం స్కాటిష్ కుర్రాడితో. పుట్టిన చోటు ఇంగ్లండ్ అనే ఉంది కానీ మూలం గడిలో 'స్కాచ్' చేరింది. 1931 లెక్కలు 2023 జూన్ 1న బయటపెట్టారు. మేం ఆ రోజు కోసమే కాచుకుని ఉన్నాం. అందులో పుట్టిన చోటు కూడా స్కాట్లాండ్ అయిపోయింది.

అత్తగారు ఆ మూడు పేజీలూ ప్రింటు తీసి బల్ల మీద వరసగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఓట్స్ రొట్టెలు మరి ఎవరు నేర్పారంటావు?" అని నన్నడిగారు. "ఆ యజమానురాలే నేర్పి ఉంటుందండీ" అన్నాను. "అమ్మమ్మ నా దగ్గరైనా చెప్పి ఉంటే నేనేమనేదాన్ని?" అంటూ ఏడ్చేశారు. ఎసెక్స్ ఆవిడతో ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియో కాల్ ఉంటుంది. మన వరసలో అయితే అక్కచెల్లెళ్ళు, అలాగే మాట్లాడుకుంటారు. బర్న్స్ నైట్ మానలేదు. మానాల్సిన అవసరం ఉందని నేనూ అనుకోను, తాత స్కాటిష్ మనిషే కదా, ఆ ఇంట్లోనే కదా ఆ అమ్మమ్మ బతుకంతా గడిచింది.

జనాభా లెక్కల ఫారాల్లో ఇలా మారడం ఆ అమ్మమ్మ ఒక్కతే చేసింది కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2011లో 57.7 శాతం మంది తాము 'ఇంగ్లిష్' మాత్రమే అన్నారు. 2021లో అలా అన్నవాళ్ళు 14.9 శాతమే. 'బ్రిటిష్' మాత్రమే అన్నవాళ్ళు 19.1 నుంచి 54.8కి పెరిగారు. ఈ మధ్యలో ఇంగ్లండ్ ఫారంలో 'బ్రిటిష్' గడిని అన్నిటికంటే పైన పెట్టారు. ఆ మార్పులో ఎక్కువ వాటా దానిదేనని నా నమ్మకం. ఇక కెనడాలో 2021లో మూలం ఏమిటని అడిగితే 'కెనడియన్' అని రాసినవాళ్ళే అందరికంటే ఎక్కువ, 15.6 శాతం. అలాంటిది, ఒక కంపెనీ పంపే శాతమే చివరి మాట ఎలా అవుతుంది?

జాబితాని ఇంత పొగిడాను కాబట్టి దాని ఇబ్బందులూ చెప్పాలి. మెసేజ్ పెడితే జవాబిచ్చేవాళ్ళు తక్కువ. మాకు ఎసెక్స్ ఆవిడ దొరకడం అదృష్టం. చాలామంది శాతాలు చూసుకుని మళ్ళీ ఆ అకౌంట్ తెరవరు. మామగారి వైపు ఐర్లండ్ వాళ్ళు, అక్కడ జాబితాలో పేర్లు బోలెడు, కలిపి చూసుకోవడానికి కాగితం లేదు. పాత జనాభా లెక్కల్లో కొన్నిటిని అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది, తక్కినవి 1922లో డబ్లిన్‌లో రికార్డుల కార్యాలయం కాలిపోవడంతో చాలా వరకు పోయాయి, సైటులో ఏ ప్యాకేజీ కొన్నా అవి రావు. మిగిలిన 1901, 1911 లెక్కలు ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైటులో ఉచితంగానే దొరుకుతాయి. కెనడా లెక్కలు, హోమ్ చిల్డ్రన్ జాబితాలు కూడా లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాలో ఉచితం. బ్రిటన్ రికార్డులు కావాలంటే వేరే ఖరీదైన ప్యాకేజీ అంటారు, అది మాత్రం నాకు మింగుడు పడలేదు. మీ ఊరి లైబ్రరీలో ఇలాంటి సైట్లకి చందా ఉందేమో ముందు కనుక్కోండి. సైటు ఇచ్చే సూచనల్ని గుడ్డిగా మీ వంశవృక్షానికి తగిలించకండి. ఒకరు రాసిన తప్పు వందమంది చెట్లలోకి పాకుతుంది.

ప్రైవసీ గురించి టెన్షన్ పడేవాళ్ళది అనవసర భయమని నేననను. 2025 మార్చిలో ట్వంటీత్రీ అండ్ మీ అనే డీఎన్‌ఏ కంపెనీ దివాలా రక్షణ కోరింది, ఆ రోజుల్లోనే తమ డేటా చెరిపించుకోమని కాలిఫోర్నియా అటార్నీ జనరల్ జనానికి చెప్పాల్సి వచ్చింది. మాది ఆ కంపెనీ కాదు, అయినా మా నమూనాలు పారేయమని ఆ వారమే అడిగాం. జాబితా మాత్రం ఉంచుకున్నాం.

మన తెలుగువాళ్ళు అడుగుతున్నారు కాబట్టి నా సంగతి. నేనూ చేయించుకున్నాను. దక్షిణ భారతం అని ఒక పెద్ద రంగు ముద్ద వచ్చింది, అంతే. జాబితాలో దగ్గరవాళ్ళు ఎవరూ లేరు, మనవాళ్ళు ఈ పరీక్ష చేయించుకునేదే తక్కువ. పైగా మేనరికాలు, ఒకే కులంలో తరతరాల పెళ్ళిళ్ళు ఉన్న మనకి ఈ సెంటీమోర్గన్ల లెక్క సరిగ్గా కుదరదు. ఎప్పుడో దూరమైన చుట్టం కూడా దగ్గర చుట్టంలా కనిపిస్తాడు. నేనైతే ఆ డబ్బుతో ఊరెళ్ళి మా నాయనమ్మ మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను.

అటు వైపు కుటుంబం ఉన్నవాళ్ళు, బ్రిటన్, కెనడా, అమెరికాల్లో నాలుగు తరాలు గడిపిన ఇళ్ళల్లోకి కోడలిగానో అల్లుడిగానో వెళ్ళినవాళ్ళు కొనొచ్చు. కొంటే ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ చేత చేయించండి, ప్రతి తరానికీ సగం డీఎన్‌ఏ జారిపోతుంది. ముందే ఒక మాట అడగండి, వచ్చేది నచ్చకపోతే తట్టుకోగలరా అని. మా ఇంట్లో మంచే జరిగింది, అందరి ఇంట్లో ఇలాగే జరుగుతుందని నేను చెప్పలేను.

రికార్డుల చందా ఈ ఏడాది ఆపేశాను. డీఎన్‌ఏ మ్యాచ్‌లు చందా లేకపోయినా కనబడతాయి. ఆ అమ్మమ్మ తండ్రి ఎవరన్నది ఇంకా తేలలేదు, జనన ధృవపత్రంలో ఆ గడి ఖాళీగా ఉంది. అత్తగారి తమ్ముడు పరీక్ష చేయించుకుంటే ఆవిడకి రాని ముక్కలు ఆయనలో దొరకొచ్చు. ఆయన మాత్రం తను స్కాటిష్‌వాణ్ణనీ, ఇంకేమీ తెలుసుకోనక్కర్లేదనీ కచ్చితంగా చెప్పేశారు. ఆయన్ని బలవంతపెట్టొద్దని అత్తగారు నాతో అన్నారు, నేను కిట్ ఆర్డర్ చేయలేదు.