పిల్లలకు అరబీ చదవడం నేర్పే టాకింగ్ పెన్ను: మా ఇంట్లో ఎలా పనికొచ్చిందంటే

మా అమ్మాయికి ఏడేళ్లు. ఉస్తాద్ గారి దగ్గర ఖాయిదా, అంటే అరబీ చదవడం నేర్పే మొదటి పుస్తకం, చదువుతోంది. అక్కడ చెప్పించుకున్న సబఖ్‌ని (పాఠాన్ని) ఇంట్లో మళ్లీ చదివించేవాళ్లు కావాలి కదా. నాకు ఖుర్ఆన్ చదవడం వచ్చుగానీ తజ్వీద్, అంటే అక్షరాలను సరిగ్గా పలికే పద్ధతి, అంతంతమాత్రం. వాళ్ల అబ్బాకి అదీ లేదు. అందుకే ఈ పెన్ను తీసుకున్నాం. అక్షరం మీద మొన ఆనిస్తే చాలు, ఆ అక్షరాన్ని పలుకుతుంది. పెట్టెలో పెన్నుతోపాటు ఖాయిదా పుస్తకం, అమ్మ పారా (78 నుంచి 114 వరకు సూరాలు, అంటే అధ్యాయాలు, ఉన్న ముప్పయ్యో పారా, అంటే భాగం), పూర్తి ఖుర్ఆన్ వచ్చాయి.

ఖాయిదాలో అక్షరాలు విడివిడిగా ఉన్నంతవరకు పిల్లలు హుషారుగానే చదువుతారు. కలిపి రాసిన పాఠం వచ్చాకే అసలు తంటా. బా, తా, సా, నూన్, యా పదం మధ్యలోకి వస్తే ఒళ్లంతా పోయి చిన్న పన్నులాంటి గీత మాత్రం మిగులుతుంది. అప్పుడిక చుక్కలే దిక్కు. కింద ఒకటుంటే బా, రెండుంటే యా. పైన ఒకటుంటే నూన్, రెండైతే తా, మూడైతే సా. పైగా అలిఫ్, దాల్, జాల్, రా, జా, వావ్ తమ తర్వాతి అక్షరంతో అసలు కలవవు. మా అమ్మాయి ఇక్కడే చాన్నాళ్లు ఆగిపోయింది. ఈ పుస్తకంలో కలిపి రాసిన పదంలో కూడా ఏ ముక్క మీద పెడితే ఆ అక్షరం పేరు చెప్తుంది. పదం పక్కనున్న గుర్తు మీద పెడితే జబర్, జేర్, పేష్‌లతో (అ, ఇ, ఉ అచ్చుల గుర్తులు) సహా హిజ్జె చేసి, అంటే అక్షరం అక్షరం కూడబలికి, చివర్లో మొత్తం పదం చదువుతుంది. పిల్ల తనంతట తనే కూర్చుని ఒక్కో పదం విడదీసుకుంది. ఎన్నిసార్లు అడిగినా పెన్ను విసుక్కోదు. నేను విసుక్కుంటాను, అబద్ధమెందుకు!

ఉచ్చారణ సంగతికొస్తే, సీన్, సాద్, సా మూడూ మన నోట్లో ఒకే 'స' అయిపోతాయి. జాల్, జా, లావుగా పలికే జా, జాద్ అన్నీ కలిసి ఒకే 'జ'. తెలుగు లిపిలో రాసిన సూరాల పుస్తకాలు నేను పిల్ల చేతికి ఇవ్వనిది అందుకే. పెన్నులో రికార్డింగ్ శుభ్రంగా ఉంది. సా అనేటప్పుడు నాలుక కొస పై పళ్ల అంచుకు తగిలినప్పుడు వచ్చే సన్నని గాలి కూడా తెలుస్తుంది. అయితే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటేనే. పెన్నులో ఉన్న బుల్లి స్పీకర్ కీచుమంటుంది, అందులో సాద్‌కి ఉండాల్సిన బరువు పోయి సీన్‌లాగే వినిపిస్తుంది. చెవికి తెలియని తేడా నోటికెలా వస్తుంది? కొనేముందు ఇయర్‌ఫోన్ పెట్టుకునే వీలుందో లేదో తప్పకుండా చూసుకోండి.

ఇక దీంతో వచ్చే పెద్ద చిక్కు: ఇది వినిపిస్తుందేగానీ, వినదు. ఒకరోజు ఫాతిహా సూరా మొదట్లో 'అల్‌హమ్దు' దగ్గర పెన్ను సరిగ్గానే పలికింది. మా పిల్ల మామూలు 'హ' పలికేసి పక్క పదానికి వెళ్లిపోయింది. అది కాదమ్మా, గొంతు మధ్యలోంచి రావాలి అంటే, "పెన్ను కూడా అదే అంది కదా అమ్మీ" అంది. నిజంగానే తనకలా వినిపించింది మరి. మర్నాడు ఉస్తాద్ గారు అక్కడే ఆపి, తను పలికి చూపించి, పిల్లతో పలికించి, సరిగ్గా వచ్చేదాకా వదల్లేదు. అది ఏ పెన్నూ చేయలేని పని. ఉస్తాద్ అక్కర్లేకుండా దీంతోనే నేర్పిద్దాం అనుకునేవాళ్లకు నేను వద్దనే చెప్తాను.

ఇంకోటి, పిల్లలు చదవడం మానేసి వినడం మొదలుపెడతారు. పెన్ను ఆనించడం, విన్నది అప్పజెప్పడం, చూపు మాత్రం కిటికీ వైపు. ఇఖ్లాస్ సూరా గడగడా చెప్పేస్తుంది, మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి చదవమంటే మొదటినుంచి మొదలుపెడుతుంది. అందుకే మా ఇంట్లో ఒక రూలు పెట్టాను. ముందు వేలు పెట్టి హిజ్జె చేసి తనే చదవాలి, సరిచూసుకోడానికే పెన్ను. మొదట్లో అలిగిందిగానీ ఇప్పుడు అలవాటైంది.

లిపి గురించి పెట్టె మీద ఎక్కడా రాయలేదు, రాసి ఉంటే బాగుండేది. మా పిల్ల నేర్చుకుంటున్న ఖాయిదా ఇండోపాక్ లిపిలో, అంటే మన దేశంలో, పాకిస్తాన్‌లో వాడే రాత పద్ధతిలో ఉంటుంది. దీంతో వచ్చిన ఖుర్ఆన్ మదీనా ముద్రణ పద్ధతిలో ఉంది. ఇండోపాక్‌లో 'అల్‌హమ్దు' మొదటి అలిఫ్ మీద జబర్ ఉంటుంది. మదీనా పద్ధతిలో జబర్ ఉండదు, చిన్న సాద్ తలలాంటి గుర్తుంటుంది. దీర్ఘం తీసే యా, వావ్‌ల మీద ఇండోపాక్‌లో ఉండే జజమ్ (అక్షరానికి అచ్చు లేదని చెప్పే గుర్తు) కూడా ఇక్కడ కనపడదు. పెద్దవాళ్లం సర్దుకుంటాం, గుర్తులు పట్టుకుని చదివే పిల్లలు బిక్కమొహం వేస్తారు. మీ ఉస్తాద్ ఏ లిపిలో చెప్తున్నారో అడిగి, అదే ఉన్న సెట్టు తీసుకోండి.

ఖుర్ఆన్ చదివి వినిపించే ఖారీల్లో ఈజిప్టుకు చెందిన మహమూద్ ఖలీల్ అల్ హుసరీ (1917-1980) గొంతు కూడా ఉంది. పిల్లలకు అదే పెట్టండి. నిదానంగా, ఒక్కో అక్షరానికి దాని హక్కు ఇచ్చి చదువుతారు, వేలుతో వెంట నడవడం కుదురుతుంది. మిగతా ఖారీలు బాగా చదివినా పిల్లల వేలికి అందరు. అనువాదాల్లో ఉర్దూ, ఇంగ్లీషు ఉన్నాయి, తెలుగు లేదు.

పుస్తకం మాత్రం జాగ్రత్త. పేజీల మీద కంటికి ఆనని చుక్కలు అచ్చువేసి ఉంటాయి, పెన్ను మొనలోని కెమెరా చదివేది వాటినే. అందుకే మీ ఇంట్లో ఉన్న వేరే ఖాయిదా మీద ఆనిస్తే నోరు మెదపదు. జెరాక్స్ తీసి చూశాను, దానిమీదా పలకలేదు. మా చిన్నాడు ఒక పేజీ చించితే టేపు అంటించాం, ఆ అతుకు మీద ఉన్న పదాలు ఇప్పుడు మూగ. ఖాయిదా ఒక్కటీ విడిగా అమ్ముతారా అని కంపెనీని అడిగితే, మొత్తం సెట్టు మళ్లీ కొనాల్సిందే అన్నారు.