టీచర్స్ డే: అపాస్ట్రఫీ ఎస్‌కు ముందా, తర్వాతా?

సెప్టెంబరు 5 దగ్గర పడిందంటే పాఠశాలల బ్యానర్ల మీద, ప్రశంసాపత్రాల మీద టీచర్స్ డే అన్న మాట ఇంగ్లిషులో మూడు రకాలుగా కనిపిస్తుంది: ఎస్‌కు ముందు అపాస్ట్రఫీతో (ఫలానావారిది అని చెప్పే ’ గుర్తుతో), ఎస్ తర్వాత అపాస్ట్రఫీతో, అసలు అపాస్ట్రఫీ లేకుండా. పలకడంలో మూడూ ఒకటే కనుక అర్థాన్ని బట్టే తేల్చుకోవాలి.

ఎస్‌కు ముందు పెడితే ఆ రోజు ఒక్క ఉపాధ్యాయుడిదే అవుతుంది. అది సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజే అయినా, 1962 నుంచి మన దేశం ఆ రోజున గౌరవిస్తున్నది ఉపాధ్యాయులందరినీ. అందుకే ఈ రూపం ఇక్కడ పొసగదు. ఏకవచనమే సరైన చోట్లూ ఉన్నాయి. అమెరికాలో మదర్స్ డేకు 1914లో అధికారిక గుర్తింపు వచ్చేలా పాటుపడిన అన్నా జార్విస్, ఏ ఇంటివారు ఆ ఇంటి తల్లిని గౌరవించుకోవాలన్న ఉద్దేశంతో ఏకవచన రూపాన్నే పట్టుబట్టి నిలిపారు.

ఈ తేడా ఎంత అర్థవంతమైనదో ఇంగ్లండులోని రెండు కళాశాలల పేర్లు చూపిస్తాయి. ఆక్స్‌ఫర్డ్‌లోని క్వీన్స్ కాలేజీ 1341లో ఫిలిప్పా రాణి గౌరవార్థం ఏర్పడింది కాబట్టి దాని పేరులో అపాస్ట్రఫీ ఎస్‌కు ముందు ఉంటుంది. కేంబ్రిడ్జిలోని క్వీన్స్ కాలేజీని 1448లో మార్గరెట్ రాణి స్థాపించగా, 1465లో ఎలిజబెత్ వుడ్‌విల్ రాణి పోషకత్వం వహించారు. అక్కడ రాణులు ఇద్దరు కనుక అపాస్ట్రఫీ ఎస్ తర్వాత ఉంటుంది.

అపాస్ట్రఫీని పూర్తిగా వదిలేసే పద్ధతికీ ఆధారం లేకపోలేదు. అమెరికా ప్రభుత్వం వెటరన్స్ డేను అలాగే రాస్తుంది. అది మాజీ సైనికులకు చెందిన రోజు కాదని, వారిని గౌరవించే రోజని దాని వివరణ. అయితే ఈ పద్ధతి అన్ని మాటలకూ నిలవదు. చిల్డ్రన్, విమెన్ అన్నవి ఎస్ లేకుండానే బహువచనాలు కాబట్టి, నవంబరు 14న జరిపే చిల్డ్రన్స్ డేలో అపాస్ట్రఫీ తీసేస్తే ఇంగ్లిషులో లేని మాట మిగులుతుంది.

కనుక నా మొగ్గు ఎస్ తర్వాత అపాస్ట్రఫీ పెట్టే రూపానికే. ముందు బహువచనాన్ని పూర్తిగా రాయాలి. అది ఎస్‌తో ముగిస్తే అపాస్ట్రఫీ ఒక్కటే చాలు, లేకపోతే అపాస్ట్రఫీ, దాని వెనక ఎస్ చేర్చాలి. పేరెంట్స్, స్టూడెంట్స్ మొదటి దారిలో, చిల్డ్రన్, విమెన్ రెండో దారిలో నడుస్తాయి. ఉపాధ్యాయులకు స్వాగతం చెప్పే బ్యానర్ మీద మాత్రం టీచర్స్ అన్నది వట్టి బహువచనమే కాబట్టి, అక్కడ అపాస్ట్రఫీ ఎటు పెట్టినా తప్పే.