‘ఉచిత’ చార్జర్‌తో రెండేళ్లు: లెక్క తేలాక రాస్తున్న సమీక్ష

ఊరకే వస్తే నాకొకటి, మా అన్నకొకటి అనే బాపతు మనిషిని నేను. 2023 వేసవిలో కరెంటు కంపెనీ నుంచి ‘మీ ఇంటికి విద్యుత్ కారు చార్జర్ ఉచితం’ అని ఉత్తరం రాగానే రెండోసారి చదవకుండా సరే అన్నాను. మేముండేది ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో. కారు కొని అప్పటికి మూడు నెలలు. సొంత ఇల్లున్న వారికి చార్జర్ కోసం ప్రభుత్వం ఇస్తూ వచ్చిన 350 పౌండ్ల దాకా సాయం 2022 మార్చి 31తో ఆగిపోయింది. బయట కొందామంటే బిగింపుతో కలిపి వెయ్యి దాటుతోంది. ఉచితం అన్న మాట ఎంత తియ్యగా వినిపించిందో చెప్పనక్కర్లేదు.

షరతులు చూడటానికి చిన్నవే. రెండేళ్లు వాళ్ల దగ్గరే కరెంటు కొనాలి. రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5 దాకా యూనిట్ 9 పెన్నీలు (వంద పెన్నీలు ఒక పౌండు), మిగతా వేళల్లో 31 పెన్నీలు. మధ్యలో వదిలి వెళ్తే చార్జర్ ఖరీదులో మిగిలిన వాటా కట్టాలి.

ముందుగా మీటరు, ప్రధాన ఫ్యూజు ఫోటోలు పంపమన్నారు. మాది 60 ఆంపియర్ల పాత ఫ్యూజు. చార్జర్ ఒక్కటే 32 ఆంపియర్లు లాగుతుంది. విద్యుత్ పొయ్యి, షవరు కూడా కలిస్తే ఫ్యూజు నిలవదు. మా ప్రాంతపు తీగల సంస్థ వచ్చి 100 ఆంపియర్లది వేసే సరికి ఐదు వారాలు పట్టింది. దానికి డబ్బు తీసుకోలేదు. ఆ తర్వాత వచ్చిన చార్జర్ మనిషి మాత్రం టేపు తీశాడు. మీటరు ఇంటికి ఒక పక్కన, కారు నిలిపే చోటు రెండో పక్కన. ఉచితం పది మీటర్ల తీగ వరకే, మాకు పందొమ్మిది కావాలి. 190 పౌండ్లు అదనం. ఉచితానికి మొదటి చిల్లు అక్కడే పడింది.

చార్జర్‌కు వంక పెట్టను. 7.4 కిలోవాట్లు, ఆ ఐదు గంటల్లో 37 యూనిట్లు ఎక్కుతాయి. వానలో, మంచులో ఒక్కరోజూ మొరాయించలేదు. మొదటి రాత్రి పన్నెండుకు మొదలు కాకపోతే పాడైందేమోనని చలిలో బయటికి వెళ్లి నిలబడ్డాను. ఈ దేశంలో 2022 జూన్ 30 తర్వాత అమ్మే ఇంటి చార్జర్లన్నీ పది నిమిషాల దాకా ఎంతో కొంత ఆలస్యంగా మొదలయ్యేలా ఉండాలని నిబంధన. కార్లన్నీ ఒకేసారి లాగితే గ్రిడ్ ఉలిక్కిపడుతుందని. నేను లోపలికి వచ్చి దుప్పటి కప్పుకున్నాకే అది మొదలైంది.

తంటా వచ్చింది యాప్‌తో. ఆ డిసెంబరులో వైఫై అందక రాత్రి వేళల అమరిక చెరిగిపోయింది. సాయంత్రం ఆరింటికి తీగ తగిలించగానే 31 పెన్నీల కరెంటు మింగడం మొదలుపెట్టింది. పది రోజుల తర్వాత గాని గమనించలేదు. పద్దెనిమిది పౌండ్లు గాలికి పోయాయి. ఫోన్ చేస్తే మీ ఇంటి వైఫై బలహీనమన్నారు. అప్పటి నుంచి వేళలు కారులోనే పెట్టాను, మళ్లీ ఆ బాధ లేదు.

అసలు సంగతి నాకు తట్టించింది రెడింగ్‌లో ఉండే మా తోడల్లుడు. తను 1,050 పౌండ్లు పెట్టి చార్జర్ సొంతంగా కొనుక్కుని, రాత్రి ధర ఎక్కడ బాగుంటే ఆ కంపెనీకి మారుతూ ఉంటాడు. ‘‘అన్నయ్యగారూ, చార్జర్ వద్దంటే ఇదే కరెంటు ఎంతకిస్తారో అడిగారా?’’ అన్నాడు. అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ మూడు నెలలకోసారి ప్రకటించే గరిష్ఠ ధర, నేను ఒప్పుకున్నప్పుడు యూనిట్‌కు 30 పెన్నీలు. ఏడాది తిరిగే సరికి 22కు దిగింది. నేను మాత్రం 31 దగ్గరే కట్టుబడి ఉన్నాను. మా ఇంట్లో పగటి వాడకం నెలకు సుమారు 300 యూనిట్లు. రెండేళ్ల మీద సగటున యూనిట్‌కు ఐదున్నర పెన్నీలు ఎక్కువ కట్టినట్టు తేలింది, అంటే 396 పౌండ్లు. కారుకు నెలకు 250 యూనిట్లు. తోడల్లుడి ధర కన్నా రెండేసి పెన్నీలు ఎక్కువ కాబట్టి మరో 120. తీగకు 190. మొత్తం 706. కాబట్టి నాకు మిగిలింది 1,050 కాదు, దాదాపు 340.

నష్టం కాదు, ఒప్పుకుంటాను. కానీ చూడవలసింది రాత్రి ధర ఒక్కటే అనుకోవడం నా పొరపాటు. చార్జర్ ఖరీదు పగటి యూనిట్లలో దాక్కుంది. పగటి వాడకం నెలకు 560 యూనిట్లు ఉన్న ఇంట్లో ఇదే ఒప్పందం సున్నాకు తేలేది. కరెంటుతో ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంపు ఉంటే చేతి డబ్బు పోయేది. మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలున్నారు. పగలంతా హీటరు, గ్రైండరు. ఆ బిల్లులు చూసినప్పుడు ఆ తేడా బాగా తెలిసింది.

2025 ఆగస్టులో ఒప్పందం ముగిసి చార్జర్ మాదైంది. వెంటనే వేరే కంపెనీకి మారాను. వాళ్ల యాప్‌కు మా చార్జర్ తెలియదు గాని కారు తెలుసు, పని నడుస్తోంది. ఇప్పుడు రాత్రి యూనిట్ 7 పెన్నీలు.

మొన్న తోడల్లుడి తమ్ముడికి ఇలాంటి ఉత్తరమే వచ్చింది. స్లౌ అనే ఊళ్లో అద్దెకుంటున్నాడు. అద్దె ఒప్పందం ఏడాది, కరెంటు ఒప్పందం రెండేళ్లు. పైగా కారు రోజుకు పాతిక మైళ్లు తిరిగితే ఎక్కువ. మామూలు మూడు పిన్నుల ప్లగ్గుతో ఆరు గంటలు పెట్టినా పద్నాలుగు యూనిట్ల దాకా ఎక్కుతాయి. నలభై మైళ్లకు ఢోకా లేదు. చార్జర్ రాకముందు మేమూ అలాగే నడిపాం, పాత సాకెట్టు వేడెక్కుతుంటే భయపడి మార్పించాం. ముందు ఎలక్ట్రీషియన్‌కు సాకెట్టు చూపించమని చెప్పి, మా గ్యారేజీలో ఊరికే పడి ఉన్న ఆ మూడు పిన్నుల చార్జింగ్ తీగను అతని కారులో పెట్టి పంపాను.