ప్రార్థన యాప్ ఆరు నెలలు వాడాక: 5కి 3 స్టార్లు, రెండు ఎందుకు తగ్గించానంటే

ఈ ప్రార్థన యాప్‌ని ఆరు నెలలుగా రోజూ వాడుతున్నాను. పేరు రాయడం లేదు, ఇలాంటివి చాలా ఉన్నాయి, నేను చెప్పేది వాటిలో చాలావాటికి వర్తిస్తుంది. ముందు మంచి సంగతులు. ఆడియో బైబిల్ చాలా బాగుంది, చదివే గొంతులో తొందర లేదు, నెట్ లేకపోయినా వినొచ్చు. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. మనవులు రాసుకునే నోట్‌బుక్ కూడా బాగా పనికొస్తుంది. ఈ మూడింటికే మూడు స్టార్లు.

మిగతా రెండు ఎందుకు తగ్గించానో కాస్త వివరంగా చెప్పాలి.

పొద్దున్నే "ఈ రోజు మీ వాగ్దానం" అని నోటిఫికేషన్ వస్తుంది. తెరిస్తే ఒక వచనం, దాని కింద "పొందుకున్నాను" అనే బటన్. అది నొక్కితే పైన మూలన ఉన్న అంకె ఒకటి పెరుగుతుంది, అంటే మానకుండా ఇన్ని రోజులు ప్రార్థన చేశామని లెక్క. ఒక్కరోజు మానితే మళ్లీ సున్నా. మొదట్లో నాకిది నచ్చింది, నిజంగానే ఒక క్రమం అలవాటైంది. తర్వాత తర్వాత కళ్లు మూసుకునే ముందు ఆ అంకె చూసుకోవడం కూడా అలవాటైపోయింది.

163వ రోజున, మూడు రౌండ్ల ఇంటర్వ్యూ దాటి ఎంతో ఆశపెట్టుకున్న ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చామని మెయిల్ వచ్చింది. ఫోన్ చేతిలోనే ఉంది, మూలన 163 కనిపిస్తోంది. "ప్రభువా, ఒక్కరోజు కూడా మానలేదు కదా, నాకెందుకు ఇలా చేశావు?" అని గట్టిగానే అన్నాను. అది ఏడుపు అయితే బాగుండేది, బాధతో దేవుణ్ణి ప్రశ్నించినవాళ్లు కీర్తనల నిండా ఉన్నారు. కానీ నేను అడిగింది బాకీ వసూలు చేసేవాళ్లు అడిగినట్టు ఉంది.

రెండు రోజుల తర్వాత అదే యాప్‌లో లూకా 15వ అధ్యాయం వింటున్నాను. తప్పిపోయిన కుమారుడి కథ, అంటే ఆస్తి పాడుచేసుకుని తిరిగొచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేస్తే ఇంట్లోనే ఉన్న పెద్దకొడుకు అలిగిన కథ, ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, ప్రతిసారీ నేను చిన్నకొడుకునే అనుకునేవాణ్ణి. ఆ రోజు పెద్దకొడుకు మాట దగ్గర ఆగిపోయాను. ఇన్నేళ్ల నుంచి నిన్ను సేవిస్తున్నానే, నీ ఆజ్ఞ ఎన్నడూ మీరలేదే, నాకు ఒక్క మేకపిల్లనైనా ఇవ్వలేదే అంటాడు. అచ్చం నా మాటే. అతను నమ్మకంగా పనిచేసినవాడే, కానీ చేసిన పనికి లెక్క రాసుకున్నాడు, తండ్రి దగ్గర జీతగాడిలా మాట్లాడాడు. అయినా తండ్రి బయటికి వచ్చి అతణ్ణి బతిమాలుకున్నాడు, నావన్నీ నీవే కదా అన్నాడు. అన్నీ తనవే అయిన చోట నిలబడి మేకపిల్ల కోసం అలిగాడు. ఆడియో ఆపేసి చాలాసేపు కూర్చుండిపోయాను.

వచనాలు ఎంచుకునే తీరు కూడా నాకు నచ్చలేదు. యిర్మీయా 29:11 ఎన్నిసార్లు వచ్చిందో. సమాధానకరమైన ఉద్దేశాలు, నిరీక్షణ, చాలా గొప్ప వచనం. కానీ అది బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవాళ్లకు రాసిన ఉత్తరంలోది, దాని ముందు వచనంలోనే 70 ఏళ్లు గడవాలని ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగివెళ్లే రోజు చూసి ఉండరు. అలాంటి మాట కింద "పొందుకున్నాను" అని నొక్కిస్తే ఈ వారంలోనే పని జరిగిపోవాలన్న ఆశ పుడుతుంది, జరగకపోతే దేవుడు మాట తప్పాడన్న కోపం వస్తుంది. ఫిలిప్పీయులకు 4:13 కూడా అంతే, బంధకాల్లో ఉన్న పౌలు లేమిలోనూ కలిమిలోనూ తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని చెప్పి రాసిన మాట అది. యాప్‌లో మాత్రం విజయం అనే హెడ్డింగ్ కింద పెట్టారు.

దేవుని పిల్లలం కదా, ధైర్యంగా అడిగితే తప్పేంటి అంటారు కొందరు. అడగాలి, నేనూ అడుగుతాను. హెబ్రీ 4:16 ధైర్యంతో కృపాసనం, అంటే దయచూపే దేవుని సింహాసనం దగ్గరికి రమ్మనే చెబుతోంది, అయితే కనికరం పొందడానికి రమ్మంటోంది. లూకా 7లో శతాధిపతి, అంటే వందమంది సైనికుల మీద అధికారి, అతని దాసుడు చావుబతుకుల్లో ఉన్నప్పుడు యూదుల పెద్దలు యేసు దగ్గరికి వెళ్లి, ఈ మేలు పొందడానికి అతడు యోగ్యుడు, మాకు సమాజమందిరం కట్టించాడు అని సిఫారసు చేశారు. అతను మాత్రం మీరు నా ఇంటికి రావడానికి నేను పాత్రుణ్ణి కాను, మాట సెలవిస్తే చాలు అని కబురు పంపాడు. అడగడం మానలేదు, అర్హత చూపించి అడగలేదు. ఇంత గొప్ప విశ్వాసం ఇశ్రాయేలులో కూడా చూడలేదని యేసు ఆశ్చర్యపడ్డాడు. తగ్గింపు, అంటే వినయం ఉంటే విశ్వాసం బలహీనపడుతుందని బోధించేవాళ్లు ఈ భాగాన్ని ఏం చేస్తారో నాకు అర్థం కాదు.

యేసు చెప్పిన ఇంకో కథలో, వారానికి రెండుసార్లు ఉపవాసమని, పదో వంతు ఇస్తున్నానని దేవుని ముందు లెక్క చెప్పిన పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదుడు, కూడా గుర్తొచ్చాడు. అదే కథలో పన్నులు వసూలు చేసే సుంకరి ప్రార్థన నాలుగే మాటలు: దేవా, పాపినైన నన్ను కరుణించుము. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది అతనే.

ఇప్పుడు నోటిఫికేషన్ ఆపేశాను. ఆ అంకెను కావాలనే సున్నాకి పడనిచ్చాను, ఆ పొద్దున ప్రార్థన చేశాను కానీ బటన్ నొక్కలేదు. రోజుకో అధ్యాయం పూర్తిగా వింటున్నాను. ఉద్యోగం ఇంకా రాలేదు, నోట్‌బుక్‌లో ఆ మనవి అలాగే ఉంది, రోజూ అడుగుతూనే ఉన్నాను.

యాప్ తయారుచేసినవాళ్లకు రెండు విన్నపాలు. రోజుల లెక్క ఆపేసుకునే వీలు సెట్టింగ్స్‌లో ఇవ్వండి. "పొందుకున్నాను" బటన్ తీసేసి, ఆ వచనం ఉన్న అధ్యాయం మొత్తం తెరుచుకునే బటన్ పెట్టండి. ఆ అప్‌డేట్ వచ్చిన రోజు ఈ రివ్యూ మార్చి ఐదు స్టార్లు ఇస్తాను.